మొఘలుల కాలం, ఫార్సీ సంస్కృతి: ఆదివారం ఉపన్యాసాల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

నెలకో ఆదివారం హైదరాబాద్‌లో ఓ చిన్న హాల్లో, తెలుగులో నడిచే ఉపన్యాసాలివి. గుమ్మం దగ్గరా ఫోన్లోనూ ప్రతిసారీ అవే ప్రశ్నలు వస్తున్నాయని ఒకచోట రాసిపెట్టాం. వరుసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న వెతుక్కోండి.

చరిత్ర చదువుకోని వాళ్ళు రావచ్చా?

రావచ్చు. ఇప్పుడు వస్తున్నవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే. రిటైరైన బ్యాంకు ఉద్యోగులున్నారు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలున్నారు, రెవెన్యూలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి "ఈ మాటలన్నీ ఎక్కడివో ఇప్పుడు తెలిసింది" అని నవ్వుకునే పెద్దాయన ఒకరున్నారు. టికెట్ లేదు, పేరు నమోదు లేదు. కుర్చీలు మాత్రం తక్కువ.

ఫార్సీ రాదు. అర్థమవుతుందా?

మీకు ఫార్సీ కొంచెం వచ్చు, వచ్చని మీకు తెలియదంతే. ఈ వాక్యం చూడండి: "హుషారుగా బజారుకెళ్ళి, నమూనా చూసి, ఖరీదు కట్టి, రసీదు జేబులో పెట్టుకుని వాపసు వచ్చాడు." ఇందులో చేసే పనులు తెలుగు, మిగతాదంతా ఫార్సీ, లేదా ఫార్సీ చెయ్యి పట్టుకుని వచ్చిన అరబ్బీ. "రోజు" కూడా ఫార్సీ మాటే. ఈ సంగతి చెప్పినప్పుడల్లా హాల్లో ఎవరో ఒకరు ఒప్పుకోరు, "మరి రోజుని తెలుగులో ఏమంటార"ని అడుగుతారు, దినం అంటే అది సంస్కృతం, నాడు అంటే ఇప్పుడెవరూ వాడరని అంటారు, ఓ పది నిమిషాలు అలా పోతాయి.

ఇక తహసీల్దారు ఆఫీసు గడప దాటితే చెప్పేదేముంది. దస్తావేజు, జమాబందీ, అర్జీ, ఫిర్యాదు, సిఫారసు, తనిఖీ, హాజరు, బందోబస్తు. రాజులు మారారు, జెండాలు మారాయి, ఈ మాటలు మాత్రం కుర్చీలో నుంచి లేవలేదు. మా ఉపన్యాసాలన్నీ తిరిగేది దీని చుట్టూనే. మాకు కోటలూ పట్టాభిషేకాలూ కంటే గుమాస్తాలూ కాగితాలూ ముఖ్యం. సింహాసనం మీద కూర్చున్నవాడు ఒక్కడే, ఆ ఒక్కడి పేరు మీద రాస్తూ, లెక్కలు కడుతూ, ముద్రలు వేస్తూ బతికినవాళ్ళు వేలమంది.

మొఘలులు ఇరాన్ వాళ్ళా? లేకపోతే ఫార్సీ ఎందుకు?

కాదు. బాబర్ ఇంటి భాష చగతాయ్ తుర్కీ. తన ఆత్మకథ కూడా అందులోనే రాసుకున్నాడు. మనవడు అక్బర్ కాలానికే దాన్ని ఫార్సీలోకి తేవలసి వచ్చింది, 1589లో అబ్దుర్రహీం ఖాన్-ఎ-ఖానాన్ ఆ పని చేశాడు. రెండు తరాల్లో ఇంటి భాష ఎలా పక్కకి పోతుందో అమెరికాలో మనవలున్న తాతయ్యలకి వేరే చెప్పక్కర్లేదు.

ఫార్సీ అప్పటికే మధ్య ఆసియాలో చదువుకున్నవాళ్ళ భాష, ఢిల్లీ సుల్తానుల కొలువులోనూ అదే. షేర్ షా తరిమేస్తే హుమాయూన్ ఇరాన్ వెళ్ళి షా తహ్మాస్ప్ దగ్గర తలదాచుకున్నాడు. 1555లో ఢిల్లీ మళ్ళీ చేతికొచ్చేసరికి మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్సమద్ అనే ఇద్దరు ఇరానీ చిత్రకారులు ఆయన వెంట ఉన్నారు. మొఘల్ చిత్రకళ అని మనం ముచ్చటపడేదానికి మొదలు అక్కడ. పాపం హుమాయూన్ ఆ మరుసటి ఏడే తన గ్రంథాలయం మెట్ల మీద నుంచి జారిపడి పోయాడు.

అసలు మలుపు మాత్రం బొమ్మలతో రాలేదు, పన్ను లెక్కలతో వచ్చింది. 1582 ప్రాంతంలో అక్బర్ రెవెన్యూ మంత్రి రాజా తోడర్‌మల్ లెక్కలన్నీ, కింది స్థాయి దాకా, ఫార్సీలోనే ఉండాలన్నాడు. తోడర్‌మల్ ఖత్రీ, అంటే హిందువే. అంతే, ఉద్యోగం కావాలంటే ఫార్సీ రావాల్సిందే. ఖత్రీలు, కాయస్థులు పిల్లల్ని మక్తబులకు, అంటే ఫార్సీ నేర్పే బడులకు పంపారు. ఇప్పుడు మనం ఇంగ్లీష్ మీడియానికి పంపడం లేదూ, అచ్చం అలాగే. ఓ రెండు తరాలయ్యేసరికి షాజహాన్ కొలువులో పేరుమోసిన మున్షీ చంద్రభాన్ బ్రాహ్మణ్. కలంపేరే బ్రాహ్మణ్ అని పెట్టుకుని ఫార్సీ కవిత్వం రాశాడాయన.

ఇదంతా ఢిల్లీ, ఆగ్రా గొడవ కదా. తెలుగువాళ్ళకేం సంబంధం?

ముందు ఒక పొరపాటు సరిచేద్దాం. గోల్కొండ కుతుబ్‌షాహీలు మొఘలులు కారు. మొఘలులకి ఎదురు నిలిచి, కప్పం కట్టి, చివరికి వాళ్ళ చేతిలోనే పోయినవాళ్ళు. కానీ ఫార్సీ సంస్కృతి ఇక్కడికి రావడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేకపోయింది, మచిలీపట్నం రేవు ఉంది, ఇరాన్ నుంచి వచ్చే మనుషులున్నారు. 1591లో హైదరాబాద్ కట్టించిన కుతుబ్‌షాహీ రాజు ముహమ్మద్ కులీ దగ్గర పీష్వాగా, అంటే ప్రధానమంత్రిగా ఉన్న మీర్ మొమిన్‌ది ఇరాన్‌లోని అస్తరాబాద్. ఆ రాజేమో దక్కనీలో కవిత్వం రాశాడు, మధ్యలో తెలుగు మాటలూ వాడాడు. ఆయన తండ్రి ఇబ్రహీంని మన కవులు మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరుడు తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చింది ఆయనకే. అచ్చతెలుగులో మొదటి కావ్యమని చెప్పుకునే పొన్నెగంటి తెలగనార్యుడి యయాతి చరిత్రని అంకితం తీసుకున్నది ఆయన అధికారి అమీన్‌ఖాన్. అచ్చతెలుగు కావ్యానికి ఫార్సీ కొలువు మనిషి పోషకుడు! ఇంతకంటే మంచి సంగతి మా దగ్గర లేదు, అందుకే ప్రతి ఏడూ ఏదో సాకుతో దీన్ని మళ్ళీ చెబుతాం.

గోల్కొండ ఫర్మానాలు, అంటే రాజు ఉత్తర్వులు, కొన్ని రెండు భాషల్లో ఉండేవి, ఒకే కాగితం మీద ఫార్సీ, తెలుగు. ఊళ్ళో కరణానికి, దేశ్‌ముఖ్‌కి ఫార్సీ రాదు కాబట్టి.

ఇక మొఘలుల సంగతి. 1636లో షాజహాన్ ఒత్తిడికి గోల్కొండ లొంగి, ఏటా రెండు లక్షల హొన్నులు (బంగారు నాణేలు) కట్టడానికీ, శుక్రవారం నమాజు ప్రసంగమైన ఖుత్బాలో ఆయన పేరు చదివించడానికీ ఒప్పుకుంది. 1656లో ఔరంగజేబు యువరాజుగా వచ్చి ముట్టడించి వెనక్కి వెళ్ళాడు. 1687లో పాదుషాగా మళ్ళీ వచ్చాడు. ఎనిమిది నెలలు కోట బయట వానలో, బురదలో, తిండి కరువులో కూర్చుంటే చివరికి లోపలివాడే ఒకడు తలుపు తీశాడు. గోల్కొండ చివరి సుల్తాను తానాషాను దౌలతాబాద్ కోటకి తీసుకుపోయారు. అక్కన్న మాదన్నలు అప్పటికే హతమయ్యారు. భద్రాచలం కథ విన్న ప్రతి ఇంటికీ ఈ పేర్లు తెలుసు, కానీ ఆ కథ బయట వాళ్ళు ఎవరు, ఏ లెక్కలు రాశారు, ఎవరికి కంటగింపయ్యారు అన్నది వేరే పెద్ద ఉపన్యాసం.

1724 తర్వాత నిజాం స్వతంత్రుడే, పేరుకి మాత్రం మొఘల్ సుబేదారు, అంటే గవర్నరు. హైదరాబాద్ నాణేల మీద 1857 దాకా ఢిల్లీ పాదుషా పేరే ఉండేది. ఇక్కడి సర్కారులో ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది 1880లలో. కంపెనీ పాలనలో ఉన్న కోస్తా, రాయలసీమ వైపు ఫార్సీ అంతకు ముందే తప్పుకుంది. మన రెండు రాష్ట్రాల ఆఫీసు భాషలో ఇప్పటికీ కనిపించే చిన్న చిన్న తేడాలకి కారణం కొంత ఇక్కడుంది.

ఫార్సీ, ఉర్దూ ఒకటేనా?

కాదు. లిపి దాదాపు ఒకటే, వ్యాకరణం వేరు. ఉర్దూ వ్యాకరణం హిందీదే. చార్మినార్ దగ్గర పుట్టి పెరిగి ఉర్దూ బాగా వచ్చినవాళ్ళు కూడా మొఘల్ ఫర్మానా చూసి నీళ్ళు నమలడం మేం చూశాం.

ఔరంగజేబు గురించి గొడవలు జరుగుతాయా?

ఒకట్రెండుసార్లు జరిగాయి. ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం: ఎవరేం చెప్పినా, ఏ కాగితంలో ఉంది, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని అడుగుతాం. ఫోన్లో వచ్చిన మెసేజి లెక్కలోకి రాదు. పొగడ్తకీ ఇదే వర్తిస్తుంది, తిట్టుకీ ఇదే. చిత్రమేమిటంటే ఈ ఒక్క షరతుతో సగం అరుపులు ఆగిపోయాయి. కొందరు ఇంకోసారి రాలేదు, ఫర్వాలేదు.

ఔరంగజేబు దక్కన్ యుద్ధాల మీద కోపం కావాలంటే ఆయన సైన్యంలోనే ఉన్నవాడు రాసింది వినండి. భీమ్‌సేన్ బుర్హాన్‌పూర్‌లో పుట్టిన కాయస్థుడు. బుందేలా సర్దారు దళపత్‌రావు కింద పనిచేస్తూ దక్షిణమంతా తిరిగి, ఫార్సీలో తన అనుభవాలు రాసుకున్నాడు. జాగీరు, అంటే జీతానికి బదులు ఇచ్చిన ఊళ్ళ పన్ను, ఎన్నాళ్ళుంటుందో నమ్మకం లేని జాగీర్దారు రైతు గురించి ఎందుకు ఆలోచిస్తాడు, ఉన్నన్నాళ్ళూ పిండుకుంటాడు అన్నది ఆయన ఫిర్యాదు సారాంశం. పాదుషాని మెచ్చుకోవడమో తిట్టడమో మాత్రమే చేసే పుస్తకాల్లో ఇలాంటి మాట దొరకదు.

అసలు కాగితాలు చూపిస్తారా?

హాల్లో కాదు. ఫోటోలు తెరమీద చూపిస్తాం. అసలువి చూడాలంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ పత్రాలు అక్కడ పెద్ద ఎత్తున ఉన్నాయి. ఇంత దగ్గర్లో ఇంత సంపద ఉందని ఊళ్ళో చాలామందికి తెలియదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫార్సీ చేతిరాత గ్రంథాలున్నాయి, అందరూ గంట కొట్టే గడియారం చూసి బయటికొచ్చేస్తారు.

అన్నిట్లోకీ మాకిష్టమైనవి ఫర్మానాలు కావు, చెహ్రా కాగితాలు. చెహ్రా అంటే ముఖం. మన్సబ్‌దారు, అంటే హోదా ఉన్న మొఘల్ అధికారి, ఇంతమంది రౌతుల్ని పెడతానని జీతం తీసుకుంటాడు, తనిఖీ రోజున పక్క ఊరి నుంచి మనుషుల్నీ గుర్రాల్నీ అద్దెకు తెచ్చి నిలబెడతాడు. ఈ మోసాన్ని పట్టుకోవడానికి గుర్రానికి వాతముద్ర వేశారు, దాన్ని దాగ్ అంటారు. మనిషికి వాత పెట్టలేరు కాబట్టి ముఖాన్ని మాటల్లో రాసుకున్నారు. ఫలానా వాడు, ఫలానా వాడి కొడుకు, తర్వాత ఇలా: గందుం రంగ్, ఫరాఖ్ పేషానీ, కుశాదా అబ్రూ, మేష్ చష్మ్, బులంద్ బీనీ. అంటే గోధుమ రంగు, విశాలమైన నుదురు, కలవని కనుబొమలు, గొర్రె కళ్ళు, ఎత్తు ముక్కు. ఆ తర్వాత ఎక్కడ పుట్టుమచ్చ, ఎక్కడ గాయపు గుర్తు. ఫోటో లేని రోజుల్లో ఆధార్ కార్డు అనుకోండి. మూడు వందల యాభై ఏళ్ళ కిందటి ఒక మామూలు సిపాయి, ఏ చరిత్ర పుస్తకంలోనూ లేనివాడు, ఎడమ కణత మీద మచ్చతో సహా మనముందు నిలబడతాడు. పాదుషా చిత్రపటం చూస్తే ఈ దగ్గరితనం రాదు, అది ఎలాగూ మెప్పు కోసం గీసింది.

ఇది చూపించినప్పుడు ఒకాయన పక్కావిడ ముఖం చూసి ఇలాగే వర్ణించబోయాడు. గొర్రె కళ్ళు దగ్గర ఆపేశాం.

ఆ రాత ఎవరైనా చదవగలరా?

కష్టం. పుస్తకాల్లో ఉండే నస్తాలీక్ వేరు, గుమాస్తాలు వేగంగా గీకిన షికస్తా వేరు. షికస్తా అంటేనే విరిగినది అని. చుక్కలు ఎగిరిపోతాయి, విడిగా ఉండాల్సిన అక్షరాలు కలిసిపోతాయి, డాక్టరు చీటీ లాగా. అంకెలు ఇంకా ఘోరం, సియాక్ అని ఒక పద్ధతి ఉంది, అందులో అంకె అంకెలా ఉండదు, ఆ సంఖ్యకి ఉన్న అరబ్బీ పేరుని కుదించి గిలికిన గుర్తు. లెక్కలు బయటివాడికి అర్థం కాకపోవడం వల్ల గుమాస్తాకి ఎంత లాభమో ఆలోచించుకోండి.

ఫర్మానా అయితే నయం. పైన తుగ్రా ఉంటుంది, పాదుషా పేరూ బిరుదులూ అల్లికలా. పక్కన గుండ్రటి ముద్ర, మధ్యలో పాదుషా పేరు, చుట్టూ చిన్న చిన్న వలయాల్లో తండ్రి, తాత, ముత్తాత అంటూ తైమూర్ దాకా. వంశవృక్షాన్ని గోత్రప్రవరలా ముద్రలో వేసుకున్నారు. కాగితం వెనక్కి తిప్పడం మర్చిపోకండి, ఏ ఆఫీసులో ఏ రోజు నమోదైంది, ఎవరు చూశారు అన్న రాతలన్నీ వెనకే ఉంటాయి.

ఫసలీ అంటే ఏమిటి? మా పాత భూమి కాగితాల్లో ఉంది.

ఫసల్ అంటే పంట. హిజ్రీ ఏడాది చంద్రుడి లెక్క, సూర్యుడి ఏడాది కంటే సుమారు 11 రోజులు తక్కువ. పన్ను హిజ్రీ తేదీకి అడిగితే కొన్నాళ్ళకి పంట చేతికి రాకముందే పన్ను మీద పడుతుంది, పైగా ముప్ఫై రెండు పంటలకి ముప్ఫై మూడేళ్ళ పన్ను. అందుకని అక్బర్ కాలంలో పంట లెక్కన ఏడాది పెట్టారు, షాజహాన్ కాలంలో దక్కన్‌కి వచ్చింది. మన దగ్గర ఫసలీకి 590 కలపండి, జులై 1న ఏడాది మొదలు. ఫసలీ 1430 అంటే 2020 జులై నుంచి 2021 జూన్ దాకా. మొఘల్ పాలన పోయి ఎన్నాళ్ళైనా మన రెవెన్యూ లెక్కల్లో ఈ ఏడాది ఇంకా నడుస్తూనే ఉంది.

మహాభారతాన్ని ఫార్సీలోకి తెచ్చారంట, నిజమా?

నిజం. అక్బర్ 1582లో మొదలుపెట్టించాడు, పేరు రజ్మ్‌నామా, యుద్ధాల పుస్తకమని. పండితులు సంస్కృతం చదివి హిందీలో చెబితే నఖీబ్‌ఖాన్ బృందం ఫార్సీలో రాసేది. ఆ పండితుల్లో ఒకరి పేరు శతావధాన అని ఉంది. ఇది చెప్పగానే హాల్లో అందరూ "అయితే మనవాడే" అంటారు. పేరు ఒక్కటి చూసి అలా అనేయకండి. ఈ పని నెత్తిన పడినవాళ్ళలో బదాయూనీ అని ఒక మతనిష్ఠ గల పండితుడున్నాడు. ఈ కథలు రాయాల్సి వచ్చిందే అని లోపల్లోపల కుమిలిపోయి, ఆ ఏడుపంతా తన రహస్య చరిత్రలో పెట్టాడు. ఇష్టంలేని ప్రాజెక్టులో వేసిన ఉద్యోగి బాధ ఎలా ఉంటుందో తెలియాలంటే ఆయన్ని చదవాలి.

తర్వాత 1657లో షాజహాన్ పెద్ద కొడుకు దారా షికో యాభై ఉపనిషత్తుల్ని ఫార్సీ చేయించాడు. దాన్నుంచి ఒక ఫ్రెంచాయన లాటిన్‌లోకి మార్చి 1801-02లో అచ్చువేశాడు. ఐరోపాకి ఉపనిషత్తులు ముందు చేరింది ఆ దారినే.

తినడానికి ఏమైనా ఉంటుందా?

టీ, బిస్కెట్. బిర్యానీ అడిగేవాళ్ళున్నారు కాబట్టి చెబుతున్నాం, లేదు. ఇరానీ చాయ్ మొఘలులది కాదు, చాలా తర్వాత ఇరాన్ నుంచి వచ్చి కేఫులు పెట్టినవాళ్ళది.

కానీ తిండి మీద ఒక ఉపన్యాసం ఉంటుంది. అక్బర్ కొలువులోని అబుల్ ఫజల్ రాసిన ఆయీన్-ఎ-అక్బరీలో వంటలు కొలతలతో ఉన్నాయి. జర్ద్ బిరంజ్ అనే పసుపుపచ్చ తీపి అన్నానికి బియ్యం 10 సేర్లు, కలకండ 5 సేర్లు, నెయ్యి మూడున్నర సేర్లు, కిస్మిస్, బాదం, పిస్తా అర్ధ సేరు చొప్పున, పైన కుంకుమపువ్వు. నాలుగు పళ్ళేలవుతుందట! ఆ పళ్ళెం ఎంతదో మీరే ఊహించుకోండి. సమోసా కూడా ఉంది. మిరపకాయ మాత్రం ఎక్కడా కనిపించదు. గుంటూరువాళ్ళు ఇది విని తట్టుకోలేరు.

ఉపన్యాసాలు బోర్ కొడతాయా?

కొన్ని కొట్టాయి. ఒకసారి మన్సబ్ అంకెల మీద, అంటే అధికారి సొంత హోదా (జాత్) ఎంత, పెట్టాల్సిన రౌతులు (సవార్) ఎంత అనే లెక్క మీద ఒకాయన గంటా నలభై నిమిషాలు చెప్పారు, మధ్యలో ప్రొజెక్టర్ పోయింది, ఆయన ఆగలేదు. అప్పటి నుంచి నలభై ఐదు నిమిషాలు మాట, మిగతాది ప్రశ్నలు అని నియమం పెట్టాం. నిజానికి ప్రశ్నల భాగమే బాగుంటుంది.

ఫార్సీ నేర్చుకోవాలనుంటే?

భయపడేంత లేదు. అక్షరాలు 32. క్రియ తెలుగులో లాగే వాక్యం చివర్లో వస్తుంది. లింగభేదం అసలు లేదు, "ఊ" అంటే అతను, ఆమె కూడా. హిందీలో బస్సు ఆడా మగా అని తలపట్టుకున్నవాళ్ళకి ఇది పండగే. అంకెలు యక్, దో, సె, చహార్, పంజ్. చార్మినార్‌లో చహార్ ఉంది, చార్‌కమాన్‌లో ఉంది. కమాన్ అంటే విల్లు, ఆ వంపు చూస్తే ఎందుకన్నారో తెలుస్తుంది. కళ్ళజోడుని చష్మా అనే పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, పైన చెహ్రా కాగితంలోని చష్మ్ మీకెప్పుడో వచ్చేసింది.

రికార్డింగ్ చేసుకోవచ్చా? పిల్లల్ని తీసుకురావచ్చా?

వక్త ఒప్పుకుంటే ఆడియో చేసుకోండి. ఒక ముక్క కత్తిరించి పెట్టి గొడవలు పెట్టొద్దు. పిల్లలు రావచ్చు, గుర్రాలు, వజ్రాలు వచ్చే రోజైతే వాళ్ళే కదలరు.

మా తాతగారి పెట్టెలో ఉర్దూలాంటి రాతతో కాగితముంది. తెస్తే చదివిపెడతారా?

తేవొద్దు, ఫోటో తీయండి, ముందూ వెనకా రెండు వైపులా. లామినేషన్ చేయించకండి, చిరిగినచోట టేపు అంటించకండి, ఆ రెండూ కాగితాన్ని చంపేస్తాయి. మడతలు బలవంతంగా విప్పకండి. ఎక్కువగా ఇలాంటివి నిజాం కాలపు ఉర్దూ కాగితాలే అవుతాయి, మొఘల్ పత్రం చాలా అరుదు. ముద్రలో హిజ్రీ సంవత్సరం కనిపిస్తే సగం పని అయినట్టే. కోర్టు కేసుకి మా చదువు పనికిరాదు, దానికి అధికారికంగా అనువదించేవాళ్ళు వేరే ఉంటారు.

కిందటేడు ఒకాయన వద్దన్నా వినకుండా పట్టుగుడ్డలో చుట్టి తెచ్చారు. మా ముత్తాతకి జాగీరిచ్చిన సనదు, ఇంట్లో దసరాకి పూజ చేస్తాం అన్నారు. మా వక్త అద్దం పెట్టి చాలాసేపు చూసి, ఇది జాగీరు కాదండీ, మీ ముత్తాతగారు ఎడ్లు కొనడానికి చేసిన అప్పు పత్రం అన్నారు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత గుడ్డ మళ్ళీ చుట్టుకుంటూ, "తీర్చినట్టు వెనకాల ఏమైనా రాసుందా?" అని అడిగారు. తిప్పి చూశాం. ఏమీ లేదు.